పహల్గామ్ సంతాప సభలో సర్వమత ప్రార్థన పెట్టాలా, వద్దా?

చెరువుగట్టు
మాది హన్మకొండలో భద్రకాళి చెరువు వైపు కాలనీ. 2025 ఏప్రిల్ 22న కశ్మీర్‌లో పహల్గామ్ దగ్గర బైసరన్‌లో 26 మందిని కాల్చి చంపారు. ఆ రోజు నుంచి మా కాలనీ వాట్సాప్ గ్రూపు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఈ ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాలులో సంతాప సభ పెడుతున్నాం. గుడి పూజారి గారు, మసీదు నుంచి ఒక పెద్దమనిషి, ఫాతిమానగర్ నుంచి ఒక ఫాదర్ వచ్చి ముగ్గురూ ప్రార్థన చేయాలని నా ఆలోచన. తర్వాత కొవ్వొత్తులు వెలిగిస్తాం. మట్టెవాడ మెకానిక్ భాయ్ మా కాలనీలో అందరికీ తెలిసిన మనిషి కాబట్టి ముందు ఆయన్నే మాట్లాడమన్నాను. సగం మంది సరే అన్నారు, సగం మంది ఇదంతా ఎందుకన్నారు. మీరు చెప్పండి.

పరకాల మాస్టారు
సభ పెట్టండి. సర్వమత ప్రార్థన మాత్రం వద్దు. మతం అడిగి మరీ చంపారని బతికి వచ్చినవాళ్లు చెప్పారు. ఆ మాట ఎత్తకుండా అందరం ఒక్కటే అని దీపాలు వెలిగిస్తే అది పోయినవాళ్లకు సంతాపం కాదు, మన మనసును మనం జోకొట్టుకోవడం. మా పరకాలలో 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. వాళ్ల కోసం అమరధామం కట్టుకున్నాం. ఎవరు చంపారో దాచి కట్టలేదు.

నర్సంపేట రైతు
కొవ్వొత్తులు వద్దన్నా. ప్రమిదలు పెట్టండి.

హంటర్ రోడ్ అక్క
మాస్టారూ, దాచమని ఎవరన్నారు? ఉగ్రవాదులు చంపారు, అదే చెబుదాం. అదే చోట టూరిస్టులను గుర్రం మీద తిప్పే ఒక ముస్లిం కూడా అడ్డుపడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ 26 మందిలో ఆయనా ఉన్నాడు. పెళ్లయి వారం తిరగకుండానే భర్తను పోగొట్టుకున్న నేవీ అధికారి భార్య నిన్న ఏమన్నది? ముస్లింల మీద, కశ్మీరీల మీద పడొద్దు, మాకు శాంతి కావాలి అన్నది. అందుకు ఆ పిల్లను నిన్నటి నుంచి నోటికొచ్చినట్టు తిడుతున్నారు. తాళి తెగిన పిల్లే అంత నిబ్బరంగా ఉంటే, ఇక్కడ కూర్చున్న మనకెందుకంత ఆవేశం?

పరకాల మాస్టారు
న్యాయం కావాలని కూడా అన్నది. ఆ ముక్క ఎందుకు వదిలేశావమ్మా?

హంటర్ రోడ్ అక్క
వదిలేయలేదు సార్. న్యాయం వద్దని నేనెక్కడ రాశాను?

పరకాల మాస్టారు
వద్దని రాయలేదు. అసలు రాయలేదు. నేను చెప్పేదీ అదే.

కాజీపేట జంక్షన్
మీరిద్దరూ చూసింది ఒకే వీడియో. అందులో రెండు మాటలూ ఉన్నాయి. 1999లో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు చిన్న కొడుకులను బండిలోనే తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ చంపినవాళ్లను క్షమించానన్నది. దేశం వదిలి వెంటనే వెళ్లిపోలేదు, కుష్ఠు రోగుల సేవలోనే ఉండిపోయింది. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. అట్లని కోర్టు ఆగలేదు. నేరస్థుడికి యావజ్జీవం పడింది. క్షమ వేరు, శిక్ష వేరు.

పరకాల మాస్టారు
ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతాను. కానీ క్షమించే హక్కు ఆమెది. కొడుకును పోగొట్టుకోని మనం హాలులో ఫ్యాన్ కింద కూర్చుని క్షమ గురించి మాట్లాడొద్దు.

మట్టెవాడ మెకానిక్
చెరువుగట్టు అన్నా, ఫోన్‌లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. ఆ వార్త చూసి రెండు రోజులు నాకూ అన్నం సయించలేదు. మాట్లాడటానికి భయం లేదు. కానీ అందరికంటే ముందు నేనే ఎందుకు మాట్లాడాలి? పోయిన శనివారం ఒకాయన వచ్చాడు. పన్నెండేళ్లుగా బండి నా దగ్గరే చేయిస్తాడు. కార్బురేటర్ విప్పి గోనెసంచి మీద పెట్టి ఉంది. నేను టీ చెప్పడానికి పక్కకు పోయి వచ్చేసరికి స్క్రూలు, జెట్టు అన్నీ ఖాళీ పాల కవర్‌లో వేసుకుంటున్నాడు. ఏమైందన్నా అంటే మాట్లాడలేదు. ఎండలో బండి తోసుకుంటూ పోయాడు. ఒక వాషర్ బెంచీ కింద దొర్లి ఇక్కడే ఉండిపోయింది. అది లేకుండా బిగిస్తే పెట్రోల్ కారుతుంది. చెబుదామని నాలుగుసార్లు చేశా, ఫోన్ ఎత్తడం లేదు.
ఇప్పుడు నేను మైక్ పట్టుకుని ఏం చెప్పినా, నేను వాళ్ల మనిషిని కాదని చెప్పుకుంటున్నట్టే ఉంటది కదన్నా.

పరకాల మాస్టారు
భాయ్, బండి తోసుకుపోయినాయన చేసింది తప్పు. నిన్ను ముందు నిలబెట్టడం అంతకంటే పెద్ద తప్పు. నువ్వు ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు.

హంటర్ రోడ్ అక్క
ఈ మాట మీ నోటి నుంచి వచ్చినందుకు సంతోషం సార్. మరి సభకు వచ్చిన ఇబ్బంది ఏంటి? పగలో పడితే ఏమవుతుందో మన ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1985 సెప్టెంబరు 2న కాజీపేటలో నక్సలైట్లు ఒక ఎస్సైని చంపారు. మర్నాడు ఆ శవయాత్రలో ఉన్న పోలీసులు క్లినిక్‌లోకి చొరబడి డాక్టర్ రామనాథం గారిని కాల్చి చంపారు. పౌరహక్కుల నాయకుడు, పిల్లల డాక్టర్. ఎస్సైని చంపిన వాళ్లెవరో, ఆయనెవరో. ఒక శవయాత్ర నుంచి ఇంకో శవం లేచింది. మళ్లీ అట్లా కావద్దనే సభ.

పరకాల మాస్టారు
యాదగిరిరెడ్డి.

హంటర్ రోడ్ అక్క
అర్థం కాలేదు సార్.

పరకాల మాస్టారు
ఆ ఎస్సై పేరు. డాక్టరు గారి పేరు రాశావు, పిల్లల డాక్టరనీ రాశావు. ఆయన దగ్గరికి వచ్చేసరికి "ఒక ఎస్సై". ఇక్కడ ఐక్యత అని మాట్లాడేవాళ్లందరూ ఇంతే. కొన్ని చావులకు పేర్లుంటాయి, కొన్నిటికి ఉండవు.

కాజీపేట జంక్షన్
సార్, విషయం పక్కదారి పడుతోంది. పహల్గామ్ గురించి కదా.

పరకాల మాస్టారు
ఏదీ పక్కదారి పట్టలేదు. చెబుతా విను. 1990లలో మా తమ్ముణ్ని పోలీసు ఇన్‌ఫార్మర్ అని నక్సలైట్లు ఊరి బయట వేపచెట్టు కింద కాల్చేశారు. పక్కన చీటీ పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద రాయి పెట్టి పోయారు. వాడు విత్తనాల షాపులో లెక్కలు రాసేవాడు. ఎవరికీ ఏ వార్తా చేరవేయలేదు. దినాల నాడు రెండు గంజుల అన్నం వండించాం. ఊళ్లో సగం మంది మా నాన్న చేత ఉత్తరాలు రాయించుకున్నవాళ్లే. ఒక్కరూ గడప తొక్కలేదు. పొద్దుగూకేదాకా మా అమ్మ విస్తళ్లు పట్టుకుని వాకిట్లో కూర్చున్నది. తర్వాత ఆ అన్నం గొడ్లకు పెట్టింది.
ఆ ఊరివాళ్లు కొందరు ఇప్పుడు మీ కాలనీలోనే ఉన్నారు. ఎక్కడో కశ్మీర్‌లో పోయినవాళ్ల కోసం దీపాలు పెడతామంటున్నారు. పెట్టనియ్యండి. నన్ను రమ్మనకండి.

నర్సంపేట రైతు
మాస్టారూ, ఆ రోజుల్లో మా నాయన మమ్మల్ని ఎవరింటి దినాలకూ పోనియ్యలేదు. రాత్రయితే వాళ్లొచ్చి అడిగేది, తెల్లారితే పోలీసులొచ్చి అడిగేది, ఎవరెవరు పోయిండ్రని. మీ ఊరు ఏదో నాకు తెలియదు. మా ఊళ్లో కూడా అట్లా మేం పోని ఇండ్లు మూడున్నాయి.

హంటర్ రోడ్ అక్క
సార్, ఆ ఎస్సై గారి పేరు నాకు నిజంగా తెలియదు. ఆ కథ మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటున్నా. ఒక్కసారి కూడా ఆ పేరు వినలేదు. నాది తప్పే.
మా అన్న డిగ్రీ మధ్యలో వదిలేసి అడవిలోకి పోయాడు. మూడేళ్లకు ఎన్‌కౌంటర్ అన్నారు. మార్చురీ బయట నాన్న, నేను పొద్దంతా నిలబడ్డాం. ఇంటికి తెచ్చాక టెంట్ వేయడానికి కూడా ఎవరూ రాలేదు. అమ్మ పాత చీరలు రెండు కలిపి కుట్టి వాకిట్లో నీడ కట్టింది. మనిషి రాకపోతే ఎట్లుంటదో తెలుసు కాబట్టే సభ కావాలంటున్నాను.

పరకాల మాస్టారు
మీ అన్న తుపాకీ పట్టుకుని పోయాడు. మా తమ్ముడి చేతిలో లెక్కల పుస్తకం తప్ప ఏమీ లేదు. రెండూ ఒకటి కాదు.

హంటర్ రోడ్ అక్క
ఒకటని రాయలేదు సార్. మా అమ్మకు కూడా ఆ రోజు ఎవరూ ముద్ద అన్నం తెచ్చి పెట్టలేదని రాశాను.

మట్టెవాడ మెకానిక్
మాలో జనాజా ఎదురొస్తే పోయింది ఎవరని అడగం. నాలుగడుగులు భుజం పట్టి పంపిస్తాం. మా ఊళ్లో పీరీలను ఎత్తుకునేది హిందువులే, వాళ్లూ ఎవరినీ ఏమీ అడగరు. నాకు తెలిసిన దీన్, ధర్మం ఇంతే. సభలు నాకు తెలియవు. ఆదివారం నేను వచ్చి కుర్చీలు వేస్తా. మైక్ వద్దు.

చెరువుగట్టు
నిన్ను ముందు మాట్లాడమనడం నా పొరపాటే భాయ్. మైక్ వద్దులే. ఆ వాషర్ నాకివ్వు, ఆయన ఇల్లు నాకు తెలుసు, ఇచ్చి వస్తా. ఆదివారం మొత్తం 26 పేర్లూ చదువుతాం, ఎలా చంపారో దాచం. ప్రార్థన మాత్రం ఉంటుంది, దానికి నేను కట్టుబడే ఉన్నా. మాస్టారూ, పేర్లు మీరు చదువుతారా?

పరకాల మాస్టారు
చదవను. ప్రార్థన గురించి నా మాట మారలేదు. గుర్రాలాయన పేరు కూడా వదలకుండా చదువు.
అమ్మా, మీ అమ్మగారు ఉన్నారా?

హంటర్ రోడ్ అక్క
ఉన్నది సార్. ఎనభై దాటింది. చెవులు సరిగా వినబడవు.

పరకాల మాస్టారు
ఆదివారం సభ టైముకు ఇంట్లోనే ఉంటారా?

హంటర్ రోడ్ అక్క
ఎక్కడికీ పోదు సార్.