ఆర్థిక సంస్థ లాబీయింగ్ ఖర్చు: మూడు చోట్ల మూడు అంకెలు, దేనిని తీసుకోవాలి?

బెళ్లందూరు విశ్లేషకురాలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాను. అమెరికాలోని పెద్ద ఆర్థిక సంస్థలు అక్కడి ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం దగ్గర లాబీయింగ్‌కు, అంటే చట్టాలనూ నిర్ణయాలనూ ప్రభావితం చేసే ప్రయత్నాలకు, ఏటా ఎంత వెచ్చిస్తున్నాయో పట్టిక తయారుచేసే పని నాకు అప్పగించారు. ఒక క్రెడిట్ కార్డుల సంస్థ దగ్గరికి వచ్చేసరికి లెక్క చిక్కుముడి పడింది. ఆ సంస్థ స్వయంగా దాఖలు చేసిన నాలుగు త్రైమాసిక నివేదికలను కూడితే ఒక మొత్తం వస్తోంది. దాని తరఫున వాషింగ్టన్‌లోని బయటి లాబీయింగ్ కంపెనీలు దాఖలు చేసినవి కూడా కలిపితే మొత్తం బాగా పెరుగుతోంది. సంస్థ తన వెబ్‌సైటులో పెట్టిన వార్షిక ప్రకటనలోని అంకె ఈ రెండింటితోనూ కలవడం లేదు. వీటిలో దేనిని పట్టికలో చూపడం సబబు? అలాగే, ఈ ఖర్చులో క్రెడిట్ కార్డ్ కాంపిటీషన్ యాక్ట్ అనే బిల్లును అడ్డుకోవడానికి పోయిన వాటా ఎంతో విడిగా చూపమని మా మేనేజరు గారు అడుగుతున్నారు. దానికి దారి ఉందా?

జయనగర పద్దులాయన:

సంస్థ స్వయంగా దాఖలు చేసిన నాలుగు నివేదికల మొత్తాన్నే తీసుకోండి అమ్మా. బయటి కంపెనీల నివేదికలను దానికి కలపకండి. అమెరికాలో 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం ప్రకారం బయటి లాబీయింగ్ కంపెనీ తన ఆదాయాన్ని చూపుతుంది. సొంత లాబీయిస్టులను ఉద్యోగులుగా పెట్టుకున్న సంస్థ తన ఖర్చును చూపుతుంది. ఆ ఖర్చులో సొంత ఉద్యోగుల జీతభత్యాలతో పాటు బయటి కంపెనీలకు చెల్లించిన రుసుము కూడా ఇమిడే ఉంటుంది. ఉదాహరణకు, ఒక త్రైమాసికంలో సంస్థ 10 లక్షల డాలర్లు చూపిందనుకుందాం, అందులో 2 లక్షలు బయటి కంపెనీకి వెళ్లాయనుకుందాం. ఆ కంపెనీ అదే 2 లక్షలను తన ఆదాయంగా మరో నివేదికలో రాస్తుంది. మీరు రెంటినీ కూడితే 12 లక్షలవుతుంది. అసలు ఖర్చు మాత్రం 10 లక్షలే. ఇంటి ఖర్చుల పుస్తకంలో పనిమనిషి జీతం ఒకసారి రాసి, ఆవిడ సంపాదనను కూడా మళ్లీ అదే ఇంటి ఖర్చులో వేసినట్టన్నమాట. పత్రికల్లో వచ్చే కొన్ని పట్టికలు కూడా ఈ పొరపాటుకు అతీతం కావు.

ఇంకొక సంగతి. ఈ మొత్తాలను దగ్గరి 10,000 డాలర్లకు సవరించి రాస్తారు కాబట్టి, మీ పట్టికలో వందలూ పదులూ చూపించి లేని కచ్చితత్వాన్ని తెచ్చిపెట్టకండి.

వైట్‌ఫీల్డ్ కంప్లయన్స్:

పై సమాధానం సరైనదే, కానీ రెండు సంస్థలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు అదొక్కటే చాలదు. నివేదికలో ఖర్చు అంకె పక్కనే, దానిని ఏ పద్ధతిలో లెక్కగట్టారో తెలిపే గడి ఒకటి ఉంటుంది. చాలామంది దానిని చూడకుండానే దాటిపోతారు. లాబీయింగ్ చట్టంలోని నిర్వచనం ప్రకారం లెక్కవేయడం ఒక పద్ధతి. పన్ను చట్టంలోని 162(ఇ) సెక్షను ప్రకారం, అంటే ఆదాయపు పన్నులో మినహాయింపు దక్కని ఖర్చుగా, లెక్కవేయడం మరొకటి. లాభాపేక్ష లేని కొన్ని సంస్థలకు మూడో పద్ధతి కూడా ఉంది గానీ, మీరు చూస్తున్న కంపెనీలకు దానితో పని లేదు.

రెండో పద్ధతిని ఎంచుకున్న సంస్థ రాష్ట్రాల శాసనసభల దగ్గర చేసిన లాబీయింగ్‌నూ, ప్రజల చేత చట్టసభల సభ్యులకు ఉత్తరాలు రాయించే ప్రచారపు ఖర్చునూ కూడా అదే అంకెలో చేరుస్తుంది. అలాగని అది ఎప్పుడూ పెద్ద అంకే అవుతుందని అనుకోకూడదు. నియంత్రణ సంస్థల్లోని కింది స్థాయి అధికారులతో జరిపే సంప్రదింపుల విషయంలో పన్ను చట్టపు నిర్వచనమే ఇరుకైనది. అందువల్ల ఒక బ్యాంకు మొదటి పద్ధతిలోనూ మరొక బ్యాంకు రెండో పద్ధతిలోనూ ఇచ్చిన అంకెలను చూసి, ఫెడరల్ ప్రభుత్వం దగ్గర ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారో తేల్చి చెప్పడం కుదరదు. పట్టికలో పద్ధతికి ఒక నిలువు వరుస కేటాయించండి.

సంస్థ వెబ్‌సైటులోని అంకె తేడాగా ఉండడానికి సాధారణంగా వాణిజ్య సంఘాల చందాలే కారణం. అమెరికన్ బ్యాంకర్స్ అసోసియేషన్ వంటి సంఘాలకు కట్టే సభ్యత్వ రుసుములో లాబీయింగ్‌కు పోయే వాటా ఎంతో ఆ సంఘమే సభ్యులకు తెలియజేస్తుంది, ఎందుకంటే ఆ భాగానికి పన్ను మినహాయింపు ఉండదు. కొన్ని కంపెనీలు ఆ వాటాను తమ వార్షిక ప్రకటనలో విడిగా చూపుతాయి. సంఘం దాఖలు చేసే నివేదికలో మాత్రం దాని మొత్తం ఖర్చే కనబడుతుంది, ఏ సభ్యుడి డబ్బు ఎంతో కనబడదు.

బెళ్లందూరు విశ్లేషకురాలు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. పద్ధతి గడి ఉన్న సంగతే నేను పట్టించుకోలేదు. ఇక మిగిలింది బిల్లు వాటా. నివేదికలో ఆ బిల్లు పేరు స్పష్టంగానే ఉంది.

మల్లేశ్వరం పాఠకుడు:

పేరు ఉంటుంది, డబ్బు ఉండదు. 2022లో సెనేటర్లు డర్బిన్, మార్షల్ ప్రవేశపెట్టిన ఆ బిల్లు, 10,000 కోట్ల డాలర్లకు మించిన ఆస్తులున్న బ్యాంకులు తమ క్రెడిట్ కార్డు చెల్లింపులకు కనీసం రెండు నెట్‌వర్కులను అందుబాటులో ఉంచాలని, ఆ రెండూ వీసా, మాస్టర్‌కార్డులే కాకూడదని చెబుతుంది. కార్డుల సంస్థలకు అది ప్రాణసంకటమైన విషయం కాబట్టి చాలా నివేదికల్లో కనిపిస్తుంది. అయితే నివేదికలో బ్యాంకింగ్, పన్నులు వంటి అంశాల వారీగా ఏయే బిల్లుల గురించి మాట్లాడారో రాస్తారే తప్ప, ఒక్కో బిల్లుకు ఎంత ఖర్చయిందో రాయవలసిన అవసరం లేదు. అనుకూలంగా మాట్లాడారా, వ్యతిరేకంగా మాట్లాడారా అన్నది కూడా చెప్పనక్కర లేదు. కాబట్టి ‘అడ్డుకోవడానికి పోయిన వాటా’ అని మీ మేనేజరు గారు అడిగినది ఆ నివేదికల్లో దొరకదు. మొత్తాన్ని బిల్లుల సంఖ్యతో భాగించి ఒక అంకె పుట్టించమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి.

ఈ తొందరపాటు మన పార్లమెంటు దాకా వచ్చిన సందర్భం ఉంది. 2012 డిసెంబరులో వాల్‌మార్ట్ అమెరికాలో దాఖలు చేసిన నివేదికలు బయటికొచ్చి, 2008 నుంచి దాదాపు 2.5 కోట్ల డాలర్లు లాబీయింగ్‌కు వెచ్చించినట్టు, ఆ అంశాల్లో భారతదేశంలో పెట్టుబడుల అనుమతి కూడా ఒకటని తేలింది. అన్ని అంశాలకూ కలిపి రాసిన ఆ మొత్తాన్ని, అంతా మన దేశంలో అనుమతి కోసమే పోసినట్టు చాలామంది మాట్లాడారు. సభల్లో గొడవ జరిగి, ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి ముకుల్ ముద్గల్ గారితో ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించింది. లాబీయింగ్ ఖర్చును వెల్లడించమనే చట్టం మన దగ్గర లేకపోబట్టి, మన సంగతి కూడా అక్కడి కాగితాల్లోనే వెతుక్కోవలసి వచ్చింది.

జయనగర పద్దులాయన:

మరొక చిన్న జాగ్రత్త అమ్మా. నివేదికల గడువు ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలల 20వ తేదీ. ఆ తరువాత కూడా సంస్థలు సవరణ నివేదికలు దాఖలు చేస్తుంటాయి, అవి పాతదాని పక్కనే జాబితాలో కనిపిస్తాయి. ఒకే త్రైమాసికానికి రెండు కనిపిస్తే రెంటినీ కూడకుండా సవరించినదానినే తీసుకుని, మీరు డేటా దించుకున్న తేదీని పట్టిక కింద వేయండి.