అప్‌డేట్: అద్దెకిచ్చిన కాండోలో సీలింగ్ లీక్, ఖర్చు ఎవరిదో తేలింది

డాలస్‌లో అద్దెకిచ్చిన మా కాండోలో (సొంత ఫ్లాట్‌లో) బాత్రూమ్ సీలింగ్ కారుతోంది, రిపేరు హెచ్ఓఏదా (ఓనర్ల అసోసియేషన్‌దా) నాదా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. తేలింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు డిక్లరేషన్ (ఏది ఉమ్మడి భాగమో, ఏది ఎవరి బాధ్యతో రాసి ఉండే కాండో పత్రం) తీసి చదవండి" అన్న మాటే పనికొచ్చింది. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 82.107 ప్రకారం, డిక్లరేషన్‌లో వేరేగా రాసి లేకపోతే ఉమ్మడి భాగాల మరమ్మతు అసోసియేషన్‌దే, యూనిట్ లోపలిది ఓనరుది. రూఫర్ పైకెక్కి చూస్తే వెంట్ పైపు చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు (బూట్) పగిలిపోయి, వేలు దూరేంత సందు! కప్పు ఉమ్మడిదే కాబట్టి అది వాళ్లే మార్చారు. తడిసి ఉబ్బిన షీట్‌రాక్ (సీలింగ్ బోర్డు), పెయింటు మాత్రం నా జేబులోంచే. డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందు మనమే పెట్టుకోవాల్సిన మొత్తం) కంటే తక్కువే అయింది, ఇన్సూరెన్స్ జోలికి పోలేదు.

ఏసీ నీళ్లు పోయే డ్రెయిన్ పైపు నుంచి కారుతోందేమోనని మొదట అనుమానపడ్డాను, అది ఉత్తదే. పాపం, టెనెంట్‌ని అనవసరంగా రెండుసార్లు నిలదీశాను. ఇంకోటి, టెనెంట్ హెచ్ఓఏకి పెట్టిన మెయిల్స్‌కి మూడు వారాలు జవాబే లేదు. ఓనరుగా నేను ఫోటోలతో రాస్తే నాలుగో రోజుకే మనిషొచ్చాడు.