కరెంటు పోయినా ఏసీ నడవాలంటే ఇన్వర్టర్ ఎంత, బ్యాటరీ ఎంత?

టెర్రస్‌గది: ఒకటిన్నర టన్నుల ఏసీకి 24 వోల్టుల 2 కేవీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలు రెండు చాలుతాయాండీ? రాత్రి మూడు గంటలు నడిస్తే చాలు.

బస్‌బార్: చాలవండీ. ముందు ఏసీ ఏ రకమో చెప్పండి. ఫిక్స్‌డ్ స్పీడ్ అయితే కంప్రెసర్ అందుకునే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోతుంది. కంప్రెసర్ వేగాన్ని మార్చుకునే ఇన్వర్టర్ ఏసీకి ఆ బెడద లేదు, మెల్లగా వేగం పుంజుకుంటుంది. గది చల్లబడ్డాక 26 డిగ్రీల మీద పెడితే చాలావరకు 500–800 వాట్లతో సరిపెట్టుకుంటుంది. దానికి 48 వోల్టుల 3.5 కేవీఏ తీసుకోండి, ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటులాంటి నున్నటి తరంగం ఇచ్చేది) తప్పనిసరి.

టెర్రస్‌గది: ఇన్వర్టర్ ఏసీనే. 24 వోల్టులు వద్దంటున్నారు, ఎందుకు?

బస్‌బార్: ఏసీ పూర్తి వేగంలో ఉన్నప్పుడు లాగే 1600 వాట్లకు 24 వోల్టుల మీద నష్టాలతో కలిపి 75 ఆంపియర్ల పైనే పారుతుంది. 48 మీద అందులో సగం. అదే వైరులో వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ పనిలో ముందు కాలేది లగ్గులే, అంటే వైరు చివర బిగించే లోహపు ముక్కలు.

ఏహెచ్‌లెక్క: బ్యాటరీ మీద రాసిన 150 ఏహెచ్ 20 గంటల్లో తీస్తేనే వస్తుంది, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున. గట్టిగా లాగితే అంత రాదు. సగానికి మించి ఖాళీ చేస్తే లెడ్ యాసిడ్ ఆయుష్షు తగ్గుతుంది. సగటున 800 వాట్లు, మూడు గంటలు: 2.4 యూనిట్లు. ఇన్వర్టర్ నష్టం కలిపితే 2.8. సగమే వాడాలి కాబట్టి 5.6 యూనిట్ల బ్యాంకు కావాలి. మీ రెండింటిలో ఉన్నది 3.6 (24 వోల్టులు × 150 ఏహెచ్). నాలుగు పెడితే 7.2, వేగంగా లాగినందుకు పోయేది కూడా అందులో సర్దుకుంటుంది. లిథియం అయితే 51.2 వోల్టుల 100 ఏహెచ్ ప్యాక్ ఒక్కటి చాలు, కాకపోతే బీఎంఎస్ (ప్యాక్‌లోని రక్షణ సర్క్యూట్) ఎన్ని ఆంపియర్లు ఆగకుండా ఇస్తుందో చూసి కొనండి.

సోలార్‌పలక: పైన ఆన్‌గ్రిడ్ సోలార్ (బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపినది) ఉంటే పగలు దాంతోనే నడుస్తుంది కదా?

ఏహెచ్‌లెక్క: నడవదు. లైను పోగానే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది. లైను మీద పనిచేసేవాళ్ల ప్రాణాల కోసం పెట్టిన ఏర్పాటు అది. బ్యాకప్ కావాలంటే లైనుతోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి.

న్యూట్రల్: అందరూ మరిచేది ఒకటి. ఏసీకి ఫేజు, న్యూట్రల్ రెండూ ఇన్వర్టర్ నుంచే విడిగా లాగాలి. న్యూట్రల్ మిగతా ఇంటితో కలిసిపోతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పదేపదే పడుతుంది, లోపం ఏసీలో ఉందనుకుని దాన్ని విప్పుతారు. బ్యాటరీ ప్లస్సుకు దగ్గరలోనే డీసీ ఫ్యూజు పెట్టండి. అక్కడ ఇంట్లోని మామూలు ఆల్టర్నేటింగ్ కరెంటు ఎంసీబీ వాడొద్దు, డీసీ ఆర్క్‌ను (తెగేచోట లేచే నిప్పురవ్వను) అది ఆర్పలేకపోవచ్చు. జనరేటర్ కూడా ఉంటే ఇంటర్‌లాక్ ఉన్న చేంజ్‌ఓవర్ (లైను, జనరేటర్ రెండూ ఒకేసారి కలవనీయని స్విచ్) లేకుండా లైనుకు కలపనే వద్దు.