అప్‌డేట్: తవ్వు, త్రవ్వు గొడవ తేలింది

మా వాడు నోట్‌బుక్‌లో 'బావి తవ్వారు' అని రాస్తే టీచర్ 'త్రవ్వారు' అని దిద్ది మార్కు తగ్గించారని, ఏది సరైనదని ఇంతకుముందు అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

రిటైరైన తెలుగు మాస్టారిని కలవమన్న సలహా పనికొచ్చింది. పాత రూపం త్రవ్వు. క్రొత్త కొత్తయినట్టు, ప్రొద్దు పొద్దయినట్టు అందులో రేఫ, అంటే ర ఒత్తు, జారిపోయి తవ్వు అయింది. ఇప్పటి రాతలో రెండూ తప్పు కాదన్నారు. నాగార్జునకొండలో పురావస్తు శాఖ చేసిన పనిని 'తవ్వకాలు' అనే కదా అంటాం!

  

ఖననం అన్న మాటకూ తవ్వడానికీ సంబంధం ఉందని ఒకరు రాశారు, అది నిజమే. సంస్కృతంలో దాని మూలార్థం తవ్వడమే. తెలుగులో పూడ్చిపెట్టడమైంది. ఖని (గని) మాత్రం తవ్వకం దగ్గరే ఉండిపోయింది.

వాడుక సంగతి: బావి, కాలువ తవ్వుతాం. నీళ్లు తోడతాం. గొయ్యి తవ్వినా తీసినా ఒకటే. ఇక పాత గొడవలు తవ్వడమంటారా, అందులో మా ఇంట్లో అందరూ ఎక్స్‌పర్టులే.

టీచర్‌తో మాట్లాడాను, మార్కు కలిపారు.