అంటు మీద అంటు కడితే బత్తాయి డీఎన్ఏ అరిగిపోతుందా?

నిడమనూరు రైతు:
మా నాన్న పెట్టిన సాత్‌గుడి రకం బత్తాయి తోట 25 ఏళ్లు కాసింది. దాని పక్కనే నేను పెట్టిన 200 మొక్కలు ఆరో ఏటికే కొమ్మలు ఎండుతున్నాయి. మొక్కలిచ్చిన నర్సరీ ఆయనను అడిగితే, "పాత రకం, తరాల నుంచి కన్ను (అంటుకు తీసే మొగ్గ) మీద కన్ను కడుతున్నాం, డీఎన్ఏలో బలం పోయింది" అన్నాడు. జిరాక్స్‌కు జిరాక్స్ తీస్తే అక్షరం మసకబారుతుంది కదా, నాకూ నిజమే అనిపించింది. గింజ మొక్కలకు పోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

మిర్యాలగూడ బోటనీ లెక్చరర్:
అన్నా, ఆ మాట నమ్మకండి. జిరాక్స్‌లో పేజీ మొత్తం మసకబారుతుంది. డీఎన్ఏ అంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాల వరుస. అందులో మసక అనేదే లేదు, అక్షరం ఉంటే సరైనది, లేకుంటే తప్పుది. కణం రెండయ్యే ముందు డీఎన్ఏ రెండు పోచలు విడిపోతాయి. ప్రతి పాత పోచ ఎదురుగా ఏ కి టీ, జీ కి సీ చొప్పున కొత్త పోచ అల్లుకుంటుంది. అంటే ప్రతి కాపీలో సగం పాతదే. మెసెల్సన్, స్టాల్ అనే శాస్త్రవేత్తలు 1958లో బరువైన నత్రజనితో బ్యాక్టీరియాను పెంచి దీన్నే రుజువు చేశారు.

అల్లే పని పాలిమరేజ్ ఎంజైముది. సుమారు లక్ష అక్షరాలకు ఒకటి తప్పు పెడుతుంది. కానీ అక్కడే ఆగి, వెనక్కి జరిగి, తప్పును కోసేసి మళ్లీ పెడుతుంది. తప్పించుకున్నవాటిని వేరే ఎంజైములు సరిచేస్తాయి. చివరికి మిగిలేది నూరు కోట్లకు ఒకటి చొప్పున. బత్తాయి కణంలో 18 క్రోమోజోములు, వాటిలో మొత్తం 70 కోట్ల పైచిలుకు అక్షర జతలు. ఒకసారి కాపీ అయితే సగటున ఒక్క తప్పు కూడా మిగలదు.

ఇంకో రుజువు మీ చేతిలోనే ఉంది. సాత్‌గుడి గింజ నాటితే ఒక్క గింజకే రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ పుప్పొడితో సంబంధం లేకుండా తల్లి కణాల నుంచే పుట్టినవి. అవీ కాపీలే. మరి ముళ్లేసుకుని అంత ఏపుగా ఎట్లా పెరుగుతాయి? డీఎన్ఏ అరిగితే అవీ నీరసపడాలి కదా. కాకపోతే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, అందుకే రైతు అంటు కోరతాడు.

నాగర్‌కర్నూల్ ఎమ్మెస్సీ విద్యార్థి:
సార్, మీ లెక్క ఒప్పుకుంటా, కానీ సగం కథే చెప్పారు. ఒక్కసారికి తప్పు మిగలకపోవచ్చు, వేల విభజనల తర్వాత మిగులుతుంది. పుప్పొడి, అండం కలిస్తే చెడు అక్షరాలు వడకట్టుకుపోయే వీలుంటుంది. అంటులో ఆ జల్లెడ లేదు, పడ్డ తప్పు పడ్డట్టే ఉంటుంది. గింజలేని నావెల్ నారింజ బ్రెజిల్‌లో ఒక కొమ్మలో వచ్చిన మార్పే. నర్సరీ ఆయన మాటను పూర్తిగా కొట్టెయ్యలేం.

మిర్యాలగూడ బోటనీ లెక్చరర్:
తప్పులు పోగవుతాయి తమ్మీ, ఒప్పుకుంటా. కానీ అవి ఒక్కో కొమ్మలో ఒక్కో తీరుగా వస్తాయి. 200 చెట్లు ఒకేలా ఎండడానికి అది కారణం కాదు. నువ్వు చెప్పిన నావెల్‌నే తీసుకో. కాలిఫోర్నియా రివర్‌సైడ్‌లో 1870ల నాటి తల్లి చెట్టు నేటికీ బతికే ఉంది. దానికి ఇప్పుడు వల గుడారం కట్టారు. డీఎన్ఏ అరుగుతుందని కాదు, గ్రీనింగ్ తెగులు మోసే సిల్లా పురుగు రాకూడదని.

అన్నా, నా అనుమానం కూడా ఆ తెగులు మీదే. అది బ్యాక్టీరియా వల్ల వస్తుంది. రోగమున్న చెట్టు నుంచి కన్ను తీస్తే కన్నుతో పాటే వస్తుంది, గింజతో రాదు. ముదురు ఆకు తెంపి మధ్య ఈనె మీద మడిచి చూడండి. జింకు లోపమైతే పసుపు రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. గ్రీనింగ్ అయితే ఒక పక్క మచ్చలు రెండో పక్కకు సరిపోవు. కాయను నిలువుగా కోస్తే వంకరగా, గింజలు నల్లగా తాలు పోయి కనిపిస్తాయి.

నిడమనూరు రైతు:
పొద్దున్నే చూసినా సార్. పది ఆకులు మడిస్తే ఎనిమిదింటికి పసుపు కలవలేదు. ఒక కాయ కోస్తే నడిమి బొడ్డు పక్కకు తిరిగి ఉంది, గింజలు మీరు చెప్పినట్టే ఉన్నాయి. నాన్న చెట్లకు మాత్రం ఆ మచ్చలు లేవు.

మిర్యాలగూడ బోటనీ లెక్చరర్:
పీకేముందు ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష చేయించండి. ఆ బ్యాక్టీరియా డీఎన్ఏ ఉంటే ట్యూబులో పాలిమరేజే దాన్ని కోట్ల కాపీలు చేసి చూపిస్తుంది. నాన్నగారి చెట్లకూ చేయించండి. శుభ్రంగా ఉంటే ఈసారి కన్ను వాటి నుంచే తీయించండి.

నాగర్‌కర్నూల్ ఎమ్మెస్సీ విద్యార్థి:
తెగులు మాట ఒప్పుకుంటున్నా సార్. కానీ కన్ను తీసేటప్పుడు ఒకే కొమ్మ నుంచి అన్నీ తీయకండి అన్నా. ఆ కొమ్మలో తప్పు పడి ఉంటే తోట మొత్తానికి అదే వస్తుంది.