నాన్నకు నాలుగో స్టేజీ పాంక్రియాస్ క్యాన్సర్: కీమో ఇప్పించాలా, వద్దా?

పటమట వాసి
మా నాన్నకు 71 ఏళ్ళు. దుగ్గిరాల దగ్గర పసుపు పొలం, మొన్నటిదాకా నీళ్ళు పెట్టడం దగ్గర్నుంచి కూలీల దాకా అంతా ఆయనే చూసుకున్నారు. కొన్ని నెలలుగా పొట్ట పైభాగంలో నొప్పి, అది వీపులోకి పాకుతోంది. తిండి సయించడం లేదు, బరువు తగ్గారు. ఎప్పుడూ లేని షుగర్ వచ్చింది. అందరం గ్యాస్ అనుకున్నాం. సీటీ స్కాన్‌లో పాంక్రియాస్ (క్లోమం) తోక వైపు గడ్డ, లివర్‌లో మచ్చలు కనిపించాయి. బయాప్సీలో అడినోకార్సినోమా అని వచ్చింది, పాంక్రియాస్‌లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రకం అదేనట. ఆపరేషన్‌కు వీలు లేదన్నారు. జెమ్‌సైటబీన్, నాబ్-పాక్లిటాక్సెల్ కలిపి కీమో ఇద్దామంటున్నారు డాక్టర్.

అన్నయ్య రేపే మొదలుపెడదామంటాడు. అమ్మ "ఉన్న నాలుగు రోజులూ హింస పెట్టకండిరా" అంటోంది. మేనమామలేమో ఆయనకు జబ్బు పేరే చెప్పొద్దంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

బ్రాడీపేట 4వ లైను
మీ అన్నయ్య మాట వినండి. నిన్నటిదాకా పొలం చూసుకున్న మనిషిని వయసు చూసి పక్కన పెట్టకూడదు. మీ డాక్టర్ చెప్పిన మందుల మీద 2013లో పెద్ద స్టడీ వచ్చింది, 861 మంది మీద చేశారు. జెమ్‌సైటబీన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో ఏడాదికి బతికున్నవాళ్ళు 22 శాతం, రెండూ కలిపి తీసుకున్నవాళ్ళలో 35 శాతం. నూటికి 13 మంది చిన్న విషయమా? అంతకన్నా గట్టిది ఫోల్ఫిరినాక్స్, అంటే నాలుగు మందులు కలిపి ఇచ్చే కీమో. 2011 స్టడీలో జెమ్‌సైటబీన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళు బతికిన 6.8 నెలలు దీంతో 11.1 నెలలయ్యాయి. అది ఓపికగా తిరగగలిగే, 75 లోపు వాళ్ళకే ఇచ్చి చూశారు. మీ నాన్నగారి వయసుకు సరిపోతుంది. డాక్టర్ని అడగండి.

సత్తెనపల్లి అక్క
తమ్ముడూ, మీరు చెప్పిన 2013 స్టడీలో నెలల లెక్క కూడా ఉంది, అదీ చెప్పండి. బతికిన కాలం 6.7 నుంచి 8.5 నెలలైంది. పెరిగింది రెండు నెలలు కూడా కాదు!

మా పిన్నికి ఇదే జబ్బు, ఇవే మందులు. వరుసగా మూడు వారాలు వారానికోసారి, తర్వాత ఒక వారం విరామం. రక్తకణాలు పడిపోయాయని ఆస్పత్రి నుంచి వెనక్కి పంపేవారు, మళ్ళీ వెళ్ళేది. పాక్లిటాక్సెల్‌కు వేళ్ళు మొద్దుబారి అన్నం కలుపుకోలేకపోయింది. ఆమెకు అల్సర్ అని చెప్పారు పిల్లలు. అల్సర్‌కు ఇన్ని సెలైన్లు ఎందుకే అని నన్ను అడుగుతూనే పోయింది. పటమట బాబూ, మీ అమ్మగారు చెప్పేది మొండితనం కాదు, ఆలోచించండి.

కృష్ణలంక
స్టీవ్ జాబ్స్‌కు కూడా పాంక్రియాస్ క్యాన్సరే కదా, ఎనిమిదేళ్ళు బతికాడు. ఆశ వదులుకోవద్దు బ్రదర్. మాకు తెలిసినాయన పచ్చకామెర్లతో మొదలైన ఇలాంటి కేసుకు ఆకు పసరు ఇస్తాడు, కావాలంటే కనుక్కుంటాను.

కొత్తపేట నర్సు
గుంటూరులో కీమో వార్డులో పని చేస్తాను. ముందు కృష్ణలంక గారికి. జాబ్స్‌కు వచ్చింది న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల్లో వచ్చే గడ్డ. అవయవం ఒకటే గానీ జబ్బు వేరు, నెమ్మదిగా పెరుగుతుంది. 2003లో బయటపడింది, 2011లో పోయారు. వీళ్ళ నాన్నగారిది అడినోకార్సినోమా అని రిపోర్టులోనే ఉంది. ఇక పసరు గురించి గట్టిగానే చెప్పాలి. గడ్డ పాంక్రియాస్ తల భాగంలో ఉంటే పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు వస్తాయి. ఈ జబ్బు తొందరగా బయటపడే దారి దాదాపు అదొక్కటే. గడ్డను కోసి తీసేసే విపుల్ ఆపరేషన్‌కు వీలుండే వాళ్ళు ఎటూ నూటికి 15, 20 మందే. అలాంటి వాళ్ళు కూడా పసరు తాగుతూ వారాలు పోగొట్టుకుని వస్తే మాకు కడుపు తరుక్కుపోతుంది. నొప్పి లేకుండా కామెర్లు వస్తే ముందు స్కాన్ చేయించండి.

ఇప్పుడు పటమట వాసి గారికి. 8.5 నెలలంటే సగం మంది అంతకన్నా ముందే పోయారు, సగం మంది ఆ తర్వాత కూడా ఉన్నారు అని. మీ నాన్నగారు ఎటువైపో ఏ స్టడీ చెప్పలేదు. కానీ ఆ స్టడీల్లో చేర్చుకున్నది లేచి తిరిగే వాళ్ళనే. కాబట్టి అడగాల్సింది, ఈ రోజు ఆయన పగటి పూట ఎంతసేపు మంచం మీద ఉంటున్నారని. సగం రోజు కన్నా ఎక్కువ పడుకునే ఉంటే ఈ రెండు మందుల జోడీ ఆయనకు బరువే.

ఇంకో విషయం. జెమ్‌సైటబీన్‌కు 1996లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు ఎన్ని వారాలు ఎక్కువ బతికారన్నది ఒక్కటే చూడలేదు. నొప్పి తగ్గిందా, నొప్పి మాత్రలు తగ్గాయా, ఓపిక, బరువు పెరిగాయా అనీ కొలిచారు. జెమ్‌సైటబీన్‌తో దాదాపు 24 శాతం మందికి మేలు కనిపిస్తే, పాత మందుతో 5 శాతం మందికే. అంటే కీమో అంటే హింస, ఆపేస్తే సుఖం అన్నది అందరి విషయంలో నిజం కాదు. కొందరికి కీమోతోనే నొప్పి తగ్గుతుంది. అక్క చెప్పిన తిమ్మిర్లూ నిజమే, అందుకే ప్రతి వారం అడిగి డోసు తగ్గించాలి. రెండు నెలలకు స్కాన్ తీసి, గుణం లేకపోతే ఆపేయాలి. మొదలుపెట్టాం కదా అని చివరిదాకా లాగక్కర్లేదు.

కీమో ఇచ్చినా ఇవ్వకపోయినా ఇవి మాత్రం ఈ వారమే అడగండి. అన్నంతో పాటు వేసుకునే పాంక్రియాటిన్ ఎంజైమ్ క్యాప్సూల్స్: విరేచనం జిడ్డుగా వస్తుంటే, తిన్నది ఒంటికి పట్టకపోతే ఇవి చాలా ఉపయోగం, చాలామందికి రాసివ్వడం మర్చిపోతారు. వీపు నొప్పికి సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అనే ఇంజెక్షన్, పొట్ట వెనక నొప్పిని మోసే నరాలను మొద్దుబారుస్తుంది. మార్ఫిన్ అంటే చివరి మందని భయపడకండి, విరేచనాల మందు తోడుగా ఇస్తే ఇంట్లోనే నడిచిపోతుంది. ఒక కాలు వాస్తే ఆగకుండా రండి, ఈ జబ్బులో రక్తం గడ్డకట్టడం ఎక్కువ. బీఆర్‌సీఏ జీన్ టెస్టు కూడా అడగండి, వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు పెంచే జీన్ లోపం ఉందేమో చూసే టెస్టు అది. అది పాజిటివ్ అయితే సిస్‌ప్లాటిన్ లాంటి ప్లాటినం మందులు బాగా పని చేస్తాయి, పైగా మీ అన్నదమ్ముల ఆరోగ్యానికీ సంబంధించిన విషయం.

నరసరావుపేట
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆయనకు చెప్పొద్దన్న మేనమామలదే నా మాట కూడా. క్యాన్సర్ అన్న మాట వింటే సగం ప్రాణం అక్కడే పోతుంది. పల్లెటూరి మనుషులు ధైర్యం మీద బతుకుతారు.

సత్తెనపల్లి అక్క
ధైర్యం మీద బతికే మనిషి దగ్గరే దాస్తారా? బ్యాంకు కాగితాలు, పొలం కౌలు, ఎవరికి ఏం ఇవ్వాలో ఆయన చెప్పుకోవద్దా? కీమో వద్దని నేను అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. కానీ వద్దనాల్సింది నేనూ కాదు, వాళ్ళ అన్నయ్యా కాదు.

పటమట వాసి
అందరికీ థాంక్స్. నిన్న డాక్టర్ గారే నాన్నతో విడిగా మాట్లాడారు, నేను పక్కనే ఉన్నాను. ఆయనకు చాలావరకు అనుమానం ఉందట, మేం బాధపడతామని అడగలేదట. రెండే అడిగారు: నొప్పి తగ్గుతుందా, పసుపు తవ్వే రోజుల్లో పొలానికి వెళ్ళగలనా అని. మొదటిదానికి అవునని, రెండోదానికి మాట ఇవ్వలేనని చెప్పారు డాక్టర్. నొప్పికి ముందు బ్లాక్ చేయించుకుని, తర్వాత కీమో మొదలుపెట్టి చూస్తానన్నారు. తను ఆపమన్న రోజు ఆపాలని అన్నయ్య చేత మాట తీసుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు, ఇంకా మాట్లాడుతోంది.

కొత్తపేట నర్సు
అమ్మగారిని తర్వాతి కన్సల్టేషన్‌కు తీసుకెళ్ళండి, ఆమె అనుమానాలు డాక్టర్నే అడగనివ్వండి. ఖర్చు సంగతి: ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ కీమోకు అనుమతి ఉందో మొదటి సైకిల్‌కు ముందే కనుక్కోండి, గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో క్యాన్సర్ సెంటర్ కూడా ఉంది. ఇంట్లో థర్మామీటర్ పెట్టుకోండి. కీమో రోజుల్లో జ్వరం 100.4 దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, అర్ధరాత్రైనా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.