నీనా సిమోన్ మొదటి ఆల్బమ్: ఏ ప్రింట్ కొనాలి?

బెత్లెహెం అనే చిన్న కంపెనీ తెచ్చిన అమెరికన్ గాయని, పియానిస్టు నీనా సిమోన్ తొలి ఆల్బమ్ 'లిటిల్ గర్ల్ బ్లూ' ఎల్‌పీ (వినైల్ రికార్డు) మంచిది ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్తారా?

పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. అసలు రికార్డులో 11 పాటలుంటే ఇందులో తొమ్మిదే ఉన్నాయి. పైగా 'లవ్ మీ ఆర్ లీవ్ మీ' మధ్యలో ఆవిడ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త బాఖ్ తరహాలో పియానో వాయించే చోట, అదే నాకు ప్రాణం, సౌండ్ గుడ్డ కప్పినట్టుంది. అమ్మినతను వాపసు తీసుకోనన్నాడు.

మోనో (రెండు స్పీకర్లలో ఒకే శబ్దం వచ్చేది) తీసుకోవాలా, స్టీరియోనా? అట్ట మీద ఏం చూసి నకిలీని పట్టాలి?